చెయ్యి పడని బోల్టులు

గదిలో వెలుతురంతా నీళ్ళలోంచే వస్తోంది. మూడు గోడల పొడుగునా అరల మీద అరలుగా అద్దాల తొట్లు. ఒక్కో తొట్టిలో ఒక్కో రంగు మెల్లగా ఇటు నుంచి అటు జరుగుతోంది, కాసేపు ఆగి మళ్ళీ ఇటు వస్తోంది. జ్వరం తగ్గి నిన్ననే మంచం దిగిన మనిషి అలాంటి గదిలో నిలబడకూడదు. నేల ఎక్కడ ఆగిపోయి నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో కళ్ళు చెబుతున్నా కాళ్ళు నమ్మడం లేదు. పరధ్యానం అని అందరూ పిలిచే ఆమె పడిపోకుండా ఒక చెయ్యి ఇనప స్టాండు మీద ఆనించి నిలబడింది.

"కూర్చోండి," అంది చేపలావిడ. "మీ ముఖం బాగా పాలిపోయి ఉంది."

"పర్వాలేదండి. కూర్చుంటే నిద్రొస్తుంది."

రెండుసార్లు పిలిస్తే గాని పలకదని చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన పేరు పరధ్యానం. పెద్దయ్యాక సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా ఆ పేరు ఆమెను వదల్లేదు. పోలీసులూ వకీళ్ళూ, చివరికి ఆమె పట్టిచ్చిన దొంగలు కూడా ఆమెను అలాగే పిలుస్తారు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆమె కళ్ళు ఎక్కడో ఉంటాయి. ఆ కళ్ళను చూసి ధైర్యం తెచ్చుకుని నోరు జారినవాళ్ళు చాలామంది ఉన్నారు.

చేపలావిడ భర్త రంగు చేపల వ్యాపారి. నాలుగు రోజుల కిందట, గురువారం తెల్లవారాక పికప్ ట్రక్కులో బయల్దేరాడు. రిజర్వాయర్ గట్టు మలుపులో బండితో సహా నీళ్ళలో పడిపోయాడు. బండిని క్రేన్ పెట్టి పైకి తీశారు. మనిషి మాత్రం దొరకలేదు. బ్రేకు పడకపోవడమే ప్రమాదానికి కారణమనీ, అంతకు వారం ముందు ఆ బండికి ఏబీఎస్ మాడ్యూల్ మార్చిన మెకానిక్ నిర్లక్ష్యమే దానికి మూలమనీ బీమా కంపెనీ తేల్చింది. పోలీసులు మెకానిక్ షెడ్డుకు సీలు వేసి, మర్నాడు పొద్దున స్టేషన్‌కి రమ్మని చెప్పి వెళ్ళారు. వెళితే మళ్ళీ ఇంటికి పంపుతారన్న నమ్మకం ఎవరికీ లేదు. ఆ మెకానిక్ పరధ్యానానికి స్వయానా అన్నయ్య భార్య.

"మెకానిక్ మీ వదినట కదా," అంది చేపలావిడ. చిన్న డబ్బాలోంచి చిటికెడు మేత తీసి తొట్టిలో చల్లుతోంది. "మీరు నిజం కనుక్కోవడానికి వచ్చారో, ఆవిణ్ణి తప్పించడానికి వచ్చారో నాకెలా తెలుస్తుంది?"

"నాకూ ఇంకా తెలియదండి. ఆ రోజు ఆయన ఎక్కడికి బయల్దేరారు?"

"పట్నంలో దుకాణానికి. చేపలిచ్చేసి భోజనానికి వచ్చేస్తానన్నారు."

"బ్రేకు గురించి ఏమైనా అన్నారా?"

"అన్నారు. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతూనే ఉంది, ఆవిడ సరిగా చెయ్యలేదన్నారు. అంటూనే వెళ్ళిపోయారు."

మేత కోసం చేపలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. రంగు రేకులు వాన వెనక్కి కురిసినట్లు అడుగు నుంచి పైకి వెళ్ళడం చూస్తూ పరధ్యానం కాసేపు ప్రశ్న మర్చిపోయింది. చివర ఉన్న ఒక తొట్టిలో మాత్రం ఏ కదలికా లేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి, బుడగలు వస్తున్నాయి, చేప ఒక్కటి కూడా లేదు.

"ఇందులో ఏముండేవండి?"

"ఒక జత. గుడ్లు పెట్టే జత. ఆయన పోయిన మర్నాడే చచ్చిపోయాయి."

"రెండూనా?"

"రెండూను." చేపలావిడ డబ్బా మూత బిగించింది. "కొన్నిటికి తెలిసిపోతుందంటారు."

ఆ తొట్టి పక్కన సిమెంటు నేల మీద గుండ్రటి మరక ఉంది. బరువైనది ఏదో ఏళ్ళ తరబడి అక్కడే నిలబడితే పడే మరక. పరధ్యానం చెప్పు అంచుతో దాని చుట్టూ మెల్లగా ఒక గీత గీసింది.

"ఆక్సిజన్ సిలిండరు," అంది చేపలావిడ, అడగకముందే. "నింపించడానికి పంపాం."

"దగ్గరి దుకాణానికైతే సంచుల్లో గాలి నింపి పంపేస్తే చాలటగా. సిలిండరు ఎప్పుడు పట్టుకెళ్తారండి?"

"రెండు రోజుల ప్రయాణమైతే..." అని చేపలావిడ ఆగింది. ఆగిన సంగతి తనకే వినపడినట్లుంది. వెంటనే మరో తొట్టి దగ్గరికి నడిచింది. "ఇప్పుడు అవన్నీ ఎందుకులెండి."

"నిజమే. ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను. నీళ్ళలోంచి తీసిన బండి మీదేనని ఎలా గుర్తుపట్టారు?"

"సీటు కవరు చిరిగితే నేనే కుట్టాను, నల్లదారంతో. ఆ కుట్టు చూశాను." ఈసారి ఆవిడ గొంతు నిబ్బరంగా ఉంది. "నా కుట్టు నాకు తెలియదా?"

ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి ఎర్రబడిన కళ్ళలా లేవు. నిద్ర లేని కళ్ళు, మాటమాటకీ వీధి గేటు వైపు వెళ్ళి వస్తున్న కళ్ళు. పోయిన మనిషి కోసం కూడా గేటు వైపు చూస్తారు, పరధ్యానం అలాంటివాళ్ళను చూసింది. కానీ వాళ్ళు గేటు చప్పుడైతే ఆశగా చూస్తారు. ఇందాక పాలవాడు గేటు తీసినప్పుడు ఈవిడ ఉలిక్కిపడింది.

బయట పొగమంచు పొద్దుటి నుంచీ కరగలేదు. వదిన తన పాత వ్యానులో కూర్చుని స్టీరింగు మీద వేళ్ళు టకటకలాడిస్తోంది.

"ఏమంది?"

"పోనీ వదినా. రిజర్వాయర్ దగ్గరికి పోనీ."

"మనిషి తూలుతోంది, రిజర్వాయర్ కావాలట. మీ అన్నయ్య చూస్తే నన్ను చంపుతాడు." అంటూనే వ్యాను ముందుకు ఉరికించింది. వదినది పెద్ద విగ్రహం, పెద్ద గొంతు. ఈ చుట్టుపక్కల తనంత చెయ్యి తిరిగిన మెకానిక్ ఇంకెవరూ లేరని ఎవరూ అడక్కుండానే చెబుతుంది. అన్నయ్య తన స్కూటరు బాగుచేయించుకోవడానికి వెళ్ళి, అది బాగయ్యాక కూడా పాడైందని వెళ్ళి, చివరికి ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడు ఆయన సీలు వేసిన షెడ్డు ముందు కుర్చీ వేసుకుని, పనిముట్లు ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నాడు.

"ఆ మాడ్యూల్ సంగతి మళ్ళీ చెప్పు," అంది పరధ్యానం తల అద్దానికి ఆనించి. "చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు. జ్వరంతో బుర్ర పనిచెయ్యడం లేదు."

"జ్వరం లేనప్పుడు ఏం పనిచేసింది గనక? విను మరదలా. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుపోతుంది, బండి జారుతుంది. అలా బిగుసుకోకుండా పట్టి వదిలి, పట్టి వదిలి చేయించేదే ఏబీఎస్. దానికి బుర్ర ఆ మాడ్యూల్. ఈ బండిలో అది డ్రైవరు సీటు కింద, అడుగున, చాసిస్ అనే ఇనప చట్రం పక్కన ఉంటుంది. బుర్ర మార్చాను గాని నరాలు ముట్టుకోలేదు. బ్రేకు పైపు ఒక్కటి కూడా విప్పలేదు. బోల్టులు తీశాను, పాత పెట్టె ఊడదీశాను, కొత్తది పెట్టి బిగించాను. తర్వాత స్కానర్ పెట్టి దానికి బండి నంబరు నేర్పాను."

"నేర్పడమేంటి?"

"కొత్తది కదా, అది ఏ బండిలో ఉందో దానికి తెలియొద్దూ? నేర్పాకే దీపం ఆరింది. షెడ్డు వెనక తడినేల మీద తొక్కి చూశాను కూడా. చెప్పినట్టు ఆగింది."

"నేర్పే నంబరు నంబర్ ప్లేటు మీదిదేనా?"

"ప్లేటుదెందుకవుతుంది? ప్లేటు ఎవడైనా స్క్రూడ్రైవరుతో మార్చెయ్యొచ్చు. చాసిస్ మీద గుద్దిన నంబరు. బండి పుట్టినప్పుడు ఫ్యాక్టరీలో పెట్టింది."

"ఒకవేళ నువ్వు పెట్టిన పెట్టె చచ్చిపోయిందే అనుకుందాం."

వదిన స్టీరింగు మీంచి చెయ్యి తీసి ఆమె వైపు తిరిగింది. "చచ్చిపోతే దీపం వెలుగుతుంది. చక్రం జారితే జారుతుంది. అంతేగాని మామూలు బ్రేకు ఎక్కడికీ పోదు. ఆ మాట మూడు రోజుల్నుంచీ చెబుతున్నా, వింటే కదా ఎవడైనా." చెయ్యి మళ్ళీ స్టీరింగు మీద వేసింది. "ఆయన నాకు తమ్ముడి లాంటివాడు మరదలా. వచ్చినప్పుడల్లా అక్కా అక్కా అంటూ షెడ్డంతా తిరిగేవాడు. నా చేతి పనివల్ల పోయాడంటే నేను తట్టుకోగలనా?"

పరధ్యానం వదిన చెయ్యి మీద తన చెయ్యి వేసింది. అద్దం బయట చెట్లు ఒక్కొక్కటే మంచులోంచి వచ్చి, తమను చూసి, మళ్ళీ మంచులోకి వెళ్ళిపోతున్నాయి.

రిజర్వాయర్ ఇవతలి ఒడ్డున నీటి శాఖ వాళ్ళ రేకుల షెడ్డు ఉంది. నీళ్ళలోంచి తీసిన తెల్ల పికప్‌ని దాని కింద ఇటుకల మీద ఎత్తి నిలబెట్టి చుట్టూ తాడు కట్టారు. తాడు బయట ఒక కానిస్టేబుల్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తాడు లోపల బీమా కంపెనీ పరిశోధకుడు నిలబడి ఉన్నాడు. ఎంత బురదలో తిరిగినా చొక్కా మీద మడత పడదని ఆయన్ని అందరూ ఇస్త్రీ అంటారు. ఒకప్పుడు ఆయనా పరధ్యానమూ ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. ఆయనకు సమాధానం ముందే తెలిసి ఉంటుందనీ, ఆమెకు ప్రశ్న కూడా చివరి దాకా తెలియదనీ అప్పట్లో ఆఫీసులో చెప్పుకునేవారు.

"రండి మేడమ్," అన్నాడు ఇస్త్రీ. "మీ వదినగారు మాత్రం తాడు దాటకూడదు. ముద్దాయి సాక్ష్యం ముట్టుకుంటే బాగోదు."

"ఇంకా ముద్దాయిని కాలేదు," అంది వదిన తాడు బయట నుంచి.

"రేపటికి అవుతారులెండి."

పరధ్యానం బండి వెనక్కి వెళ్ళింది. సరుకు వేసే భాగంలో ఎండిపోయిన నాచు తప్ప ఏమీ లేదు. "ఇందులో ఏం దొరికాయి?" అని కానిస్టేబుల్‌ని అడిగింది.

"లోపల ఆయన ఫోనూ, చెప్పులూ దొరికాయండి. వెనకాల ఏమీ లేవు."

"చేపల సంచులు?"

"నీళ్ళలో పోయుంటాయి," అన్నాడు ఇస్త్రీ.

"గాలి నింపిన సంచులు మునగవు కదండీ. ఒక్కటైనా ఒడ్డుకు కొట్టుకు రాలేదా?"

రాలేదన్నట్లు కానిస్టేబుల్ తల ఊపాడు. పరధ్యానం నీళ్ళ వైపు చూసింది. సంచులు పగిలి ఉంటే, ఆ బూడిదరంగు నీళ్ళ అడుగున ఇప్పుడు ఎర్రవీ నీలంవీ చిన్న చిన్న చేపలు దారి తెలియక గుంపుగా తిరుగుతూ ఉండాలి. కాసేపు అవి తనకు కనిపిస్తున్నట్లే అనిపించింది. తర్వాత అవి అక్కడ లేవనీ, ఎప్పుడూ రాలేదనీ ఆమెకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరైనా అడిగితే చెప్పగలిగేది కాదు.

"మీ రిపోర్టులో మాడ్యూల్ లోపం అని రాశారు," అంది ఇస్త్రీ వైపు తిరగకుండానే. "మాడ్యూల్ చూశారా?"

"చూశాను కాబట్టే రాశాను. ఫొటోలు కూడా తీశాను." ఆయన జేబులోంచి ఫోను తీసి చూపించాడు. "చూడండి. పెట్టె మీద ఏళ్ళనాటి మట్టి. బోల్టుల మీద తుప్పు. వాటి మీద చెయ్యే పడలేదు. అంటే మీ వదినగారు కొత్త మాడ్యూల్ పెట్టనేలేదు. దీపం ఎలాగో ఆర్పేసి, మార్చానని చెప్పి పంపించారు. నిర్లక్ష్యం అని రాసి నేను ఆవిడకి మేలే చేశాను. మోసం అని రాయాల్సింది."

తాడు బయట వదిన నోట మాట రాలేదు. ఆమె నోట మాట రాకపోవడం పరధ్యానం పెళ్ళినాడు కూడా చూడలేదు.

పరధ్యానం టార్చి తీసుకుని బండి కింద వెల్లకిలా పడుకుంది. నేల చల్లగా ఉంది. మూసుకుపోతున్న కళ్ళకు ఆ చల్లదనం హాయిగా తగిలింది. ఒక్క క్షణం ఇంట్లో మంచం మీదే ఉన్నానేమో అనుకుంది. టార్చి వెలుగు మెల్లగా పైకి వెళ్ళి ఆ పెట్టె మీద ఆగింది. ఇస్త్రీ చెప్పింది నిజమే. బోల్టు తలలు తుప్పుతో ఉబ్బిపోయి ఉన్నాయి. పెట్టెకూ దాని వెనక ఇనప దిమ్మకూ మధ్య సందులో మట్టి చేరి, గట్టిపడి, రెండూ ఒకటే అయిపోయినట్లుంది. వేలితో గీరింది. రాలలేదు. నీళ్ళలో నానినా ఊడని మట్టి అది.

"వదినా, నువ్వు కొత్త బోల్టులు వేశావా?"

"కొత్తవే వేశాను. తుప్పు పట్టినవి మళ్ళీ వేస్తానా నేను? కనెక్టరుకి గ్రీజు కూడా పెట్టాను."

గ్రీజు జాడ ఎక్కడా లేదు. పరధ్యానం బండి కిందనుంచి బయటికి జరిగి కూర్చుంది. జుట్టు నిండా మట్టి.

"మీరన్నది ఒప్పుకుంటాను," అంది ఇస్త్రీతో. "దీని మీద చెయ్యి పడలేదు. అయితే దీన్ని చదవండి. స్కానర్ మీ దగ్గరే ఉంది కదా, మీ చేత్తోనే చదవండి. మా వాళ్ళెవరం ముట్టుకోం."

"చదివితే ఏమొస్తుంది?"

"ఏమీ రాకపోతే మీ రిపోర్టుకి బలమొస్తుంది."

ఇస్త్రీ కాసేపు ఆలోచించాడు. ఆమె తన మీద ఏదో వల వేస్తోందని ఆయనకు తెలుసు. ఎక్కడ వేసిందో తెలియలేదు. చివరికి కారులోంచి స్కానరూ ఒక చిన్న బ్యాటరీ తెచ్చి, కనెక్టరు ఊడదీసి తుడిచి, తీగలు తగిలించాడు. వదిన తాడు మీదికి వంగి ఏ తీగ ఎక్కడ పెట్టాలో చెబుతూనే ఉంది. ఆయన విననట్లే నటిస్తూ ఆమె చెప్పినట్లే పెట్టాడు. పెట్టెలో ప్రాణం ఉంది. తెర మీద అక్షరాలు ఒక వరస తర్వాత ఒక వరస వచ్చాయి.

"ఇందులో చాసిస్ నంబరు చివరి అంకెలు ఏమున్నాయి?" అంది పరధ్యానం.

"ఎనభై ఆరు."

"బండి కాగితాల్లో?"

ఇస్త్రీ తన ఫైలు తిప్పి చూశాడు. రెండోసారి చూశాడు. "నలభై ఒకటి."

మంచు షెడ్డులోకి కూడా వచ్చి చక్రాల మధ్య పాకుతోంది.

ముందు తేరుకున్నది ఇస్త్రీయే. "సరే, ఇంకా మంచిది. పాత ఇనప సామాను కొట్టులో, వేరే బండిది ఊడదీసిన మాడ్యూల్ కొని పెట్టారన్నమాట. నంబరు కూడా నేర్పలేదు. అందుకే బ్రేకు..."

"పెట్టాలంటే బోల్టులు తిప్పాలి కదండీ," అంది పరధ్యానం.

ఆయన మళ్ళీ ఫోను తీసి ఆ ఫొటోలు చూశాడు.

"చెయ్యి పడలేదని మీరే అన్నారు. ఫొటోలు కూడా తీశారు. చెయ్యి పడనప్పుడు వేరే బండిది తెచ్చి ఎలా బిగించారు? తెచ్చి బిగిస్తే ఈ తుప్పు ఎక్కడిది? రెంటిలో ఒకటి చెప్పండి, ఏదైనా నేను ఒప్పుకుంటాను."

ఇస్త్రీ వంగి బోల్టుల వైపు మరోసారి చూశాడు.

"నాకు తోచింది చెప్పనా?" పరధ్యానం గొంతు నిద్రలో మాట్లాడుతున్నట్లు నెమ్మదిగా ఉంది. "ఈ పెట్టె ఈ బండితోనే పుట్టింది. దీన్ని ఎవరూ ఎప్పుడూ తియ్యలేదు. దీని కడుపులో ఉన్న నంబరు ఈ బండి సొంత నంబరు. చాసిస్ మీద కూడా అదే ఉండాలి. మీరెవరైనా చాసిస్ కడిగి చూశారా?"

"ప్లేటు సరిపోయింది. రంగు సరిపోయింది. ఫోను దొరికింది. భార్య గుర్తుపట్టింది." ఇస్త్రీ ఒక్కొక్కటీ చెబుతున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది. "కడగలేదు."

కానిస్టేబుల్ బక్కెట్టుతో నీళ్ళు తెచ్చాడు. వదిన తన సంచీలోంచి వైరు బ్రష్ తీసి తాడు మీదుగా విసిరింది. ఇస్త్రీ దాన్ని అందుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, తనే బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందు చక్రం వెనకాల చాసిస్ మీద నీళ్ళు కొట్టి రుద్దాడు. నల్లటి మట్టి కారిపోయింది. దాని కింద ఎర్రటి తుప్పు. దాని కింద, ఇనుములో లోతుగా గుద్దిన అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

చివర ఎనభై ఆరు.

ఆయన బ్రష్ కింద పెట్టాడు. "ఇది ఆయన బండి కాదు," అన్నాడు.

"కాదు. మా వదిన ఈ బండిని జన్మలో ముట్టుకోలేదు. ఇంకెవరిదో ఇలాంటి తెల్లబండికి ఆయన నంబరుతో ప్లేటు చేయించి తగిలించారు. లోపల ఆయన ఫోనూ చెప్పులూ పడేసి, బండిని నీళ్ళలోకి తోసేశారు."

"కానీ భార్య తన కుట్టు గుర్తుపట్టింది కదా. నా ముందే. వేలు పెట్టి చూపించింది."

"కుట్టు ఆవిడదే అయ్యుంటుంది. ఈ సీటుకి కూడా ఆవిడే కుట్టి ఉంటుంది."

తాడు బయట వదిన మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. గుండె మీంచి బరువు దిగినప్పుడు వచ్చే ఏడుపది, చప్పుడు లేకుండా భుజాలు కదులుతున్నాయి. కానిస్టేబుల్ ఏం చెయ్యాలో తెలియక తన స్టూలు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"అయితే ఆయనేమయ్యాడు?" అన్నాడు ఇస్త్రీ.

పరధ్యానం అదే ఆలోచిస్తోంది. ఒక మనిషి చనిపోయాడని ఊరంతా ఒప్పుకుంది. పోలీసులు ఒప్పుకున్నారు, బీమా కంపెనీ ఒప్పుకుంది. శవం మాత్రం లేదు. గజ ఈతగాళ్ళు నాలుగు రోజులుగా వెతుకుతున్నా లేదు. సిలిండరు పట్టుకుని, గుడ్లు పెట్టే జతను పట్టుకుని రెండు రోజుల ప్రయాణం చేసిన మనిషి ఎక్కడో ఉన్నాడు. ఉంటే ఇంటికి ఎందుకు రాలేదు? రాకుండా దాక్కున్నాడా, లేక తాను పోయిన సంగతి ఆయనకే తెలియదా?

వదిన ఫోను మోగింది. ఆమె ముక్కు చీదుకుని, ఎవరిదో తెలియని నంబరు చూసి, గ్రీజు మరకల వేలితో స్పీకరు నొక్కింది.

"అక్కా, నేనే, చేపల తమ్ముణ్ణి," అంది ఒక హుషారైన మగ గొంతు. వెనకాల లారీ ఇంజను మోత. "ఇది నా ఫోను కాదులే, దారిలో ఒక లారీ ఆయన్ని అడిగి తీసుకున్నా. నీ నంబరు బండి అద్దం మీద నువ్వు అంటించిన స్టిక్కర్లో చూశా. ఏం లేదు, ఆ పసుపు దీపం మళ్ళీ వెలిగింది. కొండ దారిలో ఒక వాగు దాటా, నీళ్ళు తగిలాయేమో. బ్రేకు బాగానే పడుతోంది. మెల్లగా వస్తే పర్వాలేదు కదా?"

వదిన కళ్ళు పెద్దవి చేసి పరధ్యానం వైపు చూసింది.

"అక్కా? వినపడుతోందా? నా ఫోను ఇంట్లో మర్చిపోయి కొండమీద చేపపిల్లల హేచరీకి వచ్చేశా. అక్కడ సిగ్నలూ లేదు ఏమీ లేదు, అడివి మనిషినైపోయా. ఇప్పుడే మా ఆవిడతో కూడా మాట్లాడా. పెద్ద రోడ్డున వద్దు, గట్టు మీదుగా రమ్మంది. మలుపు దగ్గర తనే ఎదురొస్తుందట. ఏదో చూపించాలంటోంది. సరే అక్కా, ఆయన ఫోను ఇచ్చెయ్యాలి. రేపు పొద్దున బండి షెడ్డుకి తీసుకొస్తా."

"ఆగు తమ్ముడూ," అంది వదిన. అప్పటికే ఫోను కట్ అయింది.

పరధ్యానం ఆ ఫోను లాక్కుని అదే నంబరుకి తిరిగి చేసింది. చాలాసేపు మోగాక లారీ డ్రైవరు ఎత్తాడు.

"ఇందాక మీ ఫోనులో మాట్లాడిన ఆయన్ని ఆపండి. దయచేసి ఆపండి."

"ఆయన వెళ్ళిపోయారండీ. ఇదిగో, ఇప్పుడే గట్టు రోడ్డు ఎక్కారు. ఎంత హారన్ కొట్టినా వినపడదు. ఎందుకు, ఏమైంది?"

"బీమా డబ్బుకి శవం ఒక్కటే తక్కువైంది, దానికోసమే ఆవిడ రప్పిస్తోంది," అంది పరధ్యానం. ఇస్త్రీ బురద మోకాళ్ళతోనే కారు దగ్గరికి పరుగెత్తాడు. వదిన తాడు దాటి, కానిస్టేబుల్‌ని కూడా చెయ్యి పట్టి లాక్కుంటూ, ఆయన్ని పక్కకు నెట్టి స్టీరింగు ముందు తనే కూర్చుంది. ఎవరూ అడ్డు చెప్పలేదు. పరధ్యానం తలుపు పూర్తిగా వెయ్యకముందే కారు కదిలింది.

నీళ్ళకు అవతల, గట్టు ఉండాల్సిన చోట, పొగమంచు తప్ప ఏమీ కనపడడం లేదు. ఆ తెల్లదనంలో రెండు హెడ్‌లైట్లు వెలిగాయి. పసుపు దీపం వెలిగిన బండిని జాగ్రత్తగా నడిపేవాడు వచ్చినట్లు, నీళ్ళ మీద తేలుతున్నట్లు, ఎంతో మెల్లగా మలుపు వైపు జరుగుతున్నాయి. మలుపు దగ్గర ఎవరో టార్చి వెలిగించి, రమ్మన్నట్లు ఊపారు. దాని వెనకాల, గట్టు పైఅంచున, అప్పటిదాకా చీకటిగా ఉన్న ఒక పెద్ద బండి ఇంజను మేలుకుంది.